కొండ మీద దొరికిన క్యారెట్ కుటుంబపు మొక్క కొత్త జాతి అవునో కాదో తేల్చేది పండిన కాయ

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి గుర్తు చేస్తాను. నీలగిరుల్లో రెండు వేల మీటర్లకు పైన ఉన్న గడ్డి మైదానంలో, అటవీ శాఖ అనుమతితో చేసిన సర్వేలో, తెల్లని గొడుగు పూగుత్తులున్న ఒక మొక్క మీకు కనిపించింది. దాని ఆకు తీరు గ్యాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలోని, అంటే ఆ ప్రాంతపు మొక్కలను వర్ణించే గ్రంథంలోని, హెరాక్లియం జాతుల్లో దేనితోనూ కుదరలేదు. మీ దగ్గర పూతలో ఉండగా ఎండబెట్టిన రెండు నమూనాలు, కొన్ని ఫొటోలు ఉన్నాయి. దీన్ని కొత్త జాతిగా వర్ణించవచ్చా, వర్ణించాలంటే ఏమేమి రాయాలి అని అడిగారు. ముప్పై ఏళ్లుగా ఈ కుటుంబపు మొక్కలతోనే గడిపినవాడిగా సూటిగా చెబుతున్నాను: ప్రస్తుతం మీ చేతిలో ఉన్న ఆధారంతో ఆ మొక్క కొత్తదని చెప్పలేము, పాతదని కూడా చెప్పలేము. మీ నమూనాల్లో పండిన కాయ లేదు. అది లేనంతవరకు ప్రజాతి (హెరాక్లియంలాగా, దగ్గరి జాతులన్నీ చేరే వర్గం) కూడా ఖాయం కాదు, ఇక జాతి సంగతి తరువాతి మాట.

ఈ కుటుంబంలో పువ్వు చెప్పేది చాలా తక్కువ. ఐదు ఆకర్షణ పత్రాలు, ఐదు కేసరాలు, రెండు గదుల నిమ్న అండాశయం, దాని నెత్తిన తేనె ఊరే చిన్న దిమ్మె, అందులోంచి లేచే రెండు కీలాలు. పెరట్లో కొత్తిమీర మడిలో చూసినా, హిమాలయాల్లో మంచు అంచున చూసినా ఇంచుమించు ఇదే అమరిక. నాలుగు వందలకు పైగా ప్రజాతులు, సుమారు 3,700 జాతులు ఉన్న ఇంత పెద్ద కుటుంబం పువ్వు విషయంలో ఒకే అచ్చును పట్టుకుని కూర్చుంది; తన వైవిధ్యమంతా కాయలో చూపించింది. వృక్షశాస్త్రంలో ఒకే ఒక కుటుంబాన్ని తీసుకుని రాసిన తొలి గ్రంథం ఈ కుటుంబం గురించే వచ్చింది. 1672లో ఆక్స్‌ఫర్డ్‌లో దాన్ని వెలువరించిన రాబర్ట్ మోరిసన్ ఈ మొక్కలను వేరు చేయడానికి ప్రధానంగా ఆధారపడింది కాయల మీదే. మూడున్నర శతాబ్దాలు గడిచినా ఈ కుటుంబాన్ని చదివేవారు మొదట చూసేది కాయనే.

మన వంటింట్లోని పోపుల పెట్టెను ఒకసారి తలుచుకోండి. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు అన్నీ ఈ కుటుంబానివే. మనం గింజలని పిలిచే అవన్నీ నిజానికి కాయలు. కళ్లు మూసుకుని వేలితో తడిమినా ఏది ఏదో చెప్పగలిగే మన అమ్మలు, ఆ నాలుగు మొక్కల పూలను పక్కపక్కన పెట్టి చూపిస్తే తడబడతారు. మీరూ, నేనూ కూడా అంతే. ధనియం గుండ్రన, జీలకర్ర సన్నగా పొడవుగా నూగుతో, వాము చిన్నగా గరుకుగా, సోంపు గట్లు తేలి ఉంటుంది. బయటికి కనిపించే ఈ తేడాల వెనుక, లోపల ఇంకా నిలకడైన తేడాలు ఉన్నాయి. వర్గీకరణకు పనికొచ్చేవి అవే.

అవి ఎలా ఉంటాయో చూడటానికి కొండ ఎక్కనక్కరలేదు. గుప్పెడు సోంపును వేడినీళ్లలో ఒక చుక్క సబ్బు నీరు కలిపి కొన్ని నిమిషాలు మరగనిచ్చి, చల్లారాక ఒక కాయను తీసుకోండి. అది నిలువునా రెండు సగాలుగా విడిపోతుంది. ఒక్కో సగాన్ని ఫలాంశం అంటాము. ఒక ఫలాంశాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కొత్త బ్లేడుతో నడుము దగ్గర అడ్డంగా, వీలైనంత పలచగా కోసి, నీటి చుక్కలో పెట్టి పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో చూడండి. వీపు వైపు ఐదు గట్లు కనిపిస్తాయి. గట్టుకూ గట్టుకూ మధ్య ఉన్న నాలుగు పల్లాల్లోనూ ఒక్కొక్క ముదురు గోధుమ రంగు చుక్క, రెండు సగాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండే చదునైన ముఖం వైపు మరో రెండు చుక్కలు, మొత్తం ఆరు ఉంటాయి. ఆ చుక్కలే తైలనాళికల కోతలు. సోంపు వాసన అక్కడే నిలవ ఉంటుంది. ఇప్పుడు ధనియాన్ని కూడా అలాగే కోసి చూడండి: పండిన ధనియంలో వీపు వైపు పల్లాల్లో పెద్ద నాళికలు కనిపించవు, లోపలి ముఖం వైపు ఒక్కో సగానికి రెండేసి ఉంటాయి. ఈ రెండు కోతలను పక్కపక్కన పెట్టి ఒకసారి చూసినవారికి ఈ కుటుంబంలో ప్రజాతులను ఎలా విడదీస్తారో వేరే పాఠం అవసరం ఉండదు. నా దగ్గరికి వచ్చే విద్యార్థులందరి చేతా మొదటి రోజు ఈ పనే చేయిస్తాను.

మీ మొక్కను హెరాక్లియం అనుకోవడానికి మీరు చూపిన కారణాలు రెండు: గుత్తి అంచున ఉన్న పూలలో బయటి ఆకర్షణ పత్రాలు పెద్దవిగా చీలి ఉండటం, ఆకు తొడిమ అడుగు ఒరలా ఉబ్బి ఉండటం. ఆ రెండూ హెరాక్లియంలో ఉన్న మాట నిజమే కాని, వేరే ప్రజాతుల్లోనూ ఉన్నాయి. బయటి పత్రాలు పెద్దవి కావడం కొత్తిమీర పువ్వులోనే చూడవచ్చు. హెరాక్లియం అనడానికి అసలు గుర్తు కాయలో ఉంది. కాయ వీపు వైపు నుంచి నొక్కినట్టు పలచగా ఉండి, అంచున రెక్క ఉంటుంది. వీపు మీది నాలుగు తైలనాళికలు పై నుంచి బయలుదేరి అడుగుదాకా రాకుండా మధ్యలోనే, కొస కాస్త ఉబ్బి, గదలాగా ఆగిపోతాయి. పండిన కాయను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈ నాలుగు గోధుమ రంగు గీతలు కోయకుండానే కనిపిస్తాయి. మీ మొక్కలో ఆ నాళికలు అడుగుదాకా సాగితే మీరు మొదటి నుంచి వేరే ప్రజాతిలో వెతకవలసి ఉంటుంది, అప్పుడు ఇంతవరకు ఆకుల మీద చేసిన పోలికంతా పక్కన పెట్టవలసిందే. లేత కాయతో తృప్తి పడవద్దని కూడా చెప్పాలి. రెక్క చివరి వారాల్లోనే వెడల్పవుతుంది. లేత కాయను చూసి రెక్క లేదని రాసుకున్నవారు పొరపడతారు. నా తొలి రోజుల్లో నేనూ అలాగే రాసి, మరుసటి ఏడాది అదే చోట పండిన కాయ చూసి పుస్తకంలో ఆ పేజీ మొత్తం కొట్టివేసుకున్నాను.

కొండ మొక్కల విషయంలో ఆకునూ ఆకారాన్నీ నమ్మడం మరీ ప్రమాదం. గాలి కొట్టే శిఖరాల మీద, చలిలో, పలుచని మట్టిలో, ఎన్నో వేర్వేరు కుటుంబాల మొక్కలు ఒకే రూపం తెచ్చుకుంటాయి: నేలకు అంటుకుని దిండులా పెరగడం, ఆకు చిన్నది కావడం, పూకాడ పొట్టిది కావడం. ఈ మాటకు నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ అమెరికాలోని షోషోనియా పుల్వినాటా. వ్యోమింగ్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, దానిని ఆనుకుని ఉన్న మొంటానాలో, సున్నపురాతి గుట్టల మీద సుమారు 1,800 నుంచి 2,800 మీటర్ల ఎత్తు మధ్య మాత్రమే పెరిగే పసుపు పూల మొక్క అది. పచ్చని దిండులా నేలను పరుచుకుని ఉంటుంది. జాతి పేరులోని లాటిన్ మాటకు అర్థం కూడా దిండువంటిదనే. అమెరికా పశ్చిమ భాగంలో ఇలా పొట్టిగా, పసుపు పూలతో ఉండే క్యారెట్ కుటుంబపు మొక్కలు చాలా ఉన్నాయి. దారిన పోయేవారు చూస్తే వాటిలో ఒకటనుకుని దాటిపోతారు. ఎర్విన్ ఎవర్ట్ దాటిపోలేదు. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల కొండలను ఏళ్ల తరబడి గాలించిన ఆయన, ఈ కుటుంబంలో ప్రపంచ స్థాయి నిపుణుడైన బర్కిలీ ఆచార్యుడు లింకన్ కాన్‌స్టెన్స్‌తో కలిసి 1982లో దాన్ని కొత్త జాతిగానే కాదు, కొత్త ప్రజాతిగా ప్రకటించారు. ఆ ప్రాంతంలో దానికి పోలిక చెప్పగలిగిన లోమేషియం, సైమోప్టెరస్ వంటి ప్రజాతుల కాయలకు రెక్కలు ఉంటాయి; దీని కాయకు లేవు. ఇరవయ్యో శతాబ్దపు చివర్లో, అమెరికా వంటి దేశంలో, ఒక ప్రజాతికి ప్రజాతే పేరు లేకుండా మిగిలి ఉందంటే, కొండలను ఇంకా ఎంత ఓపికగా చూడవలసి ఉందో ఆలోచించండి. ఎవర్ట్ ఆ మరుసటి ఏడాదే అదే ప్రాంతం నుంచి ఒక లోమేషియం జాతిని కూడా వర్ణించారు. 2010 జూన్‌లో ఆ కొండల్లోనే గ్రిజ్లీ ఎలుగుబంటి దాడిలో ఆయన మరణించారు. ఎల్లోస్టోన్ పరిసరాల మొక్కలన్నింటిపై ఆయన జీవితమంతా చేసిన కృషి గ్రంథంగా వచ్చింది కూడా ఆ సంవత్సరంలోనే.

కాన్‌స్టెన్స్ పేరు మీరు వినే ఉంటారు. పి.కె. ముఖర్జీతో కలిసి 1993లో భారతదేశపు క్యారెట్ కుటుంబంపై గ్రంథం రాసినది ఆయనే. మీరు గ్యాంబుల్ ఫ్లోరా ఒక్కటే చూసి ఆగిపోయారని మీ ప్రశ్నను బట్టి అర్థమవుతోంది. గ్యాంబుల్ ఫ్లోరా 1915 నుంచి 1936 మధ్య వెలువడింది. అప్పటి నుంచి ఈ కుటుంబంలో ఎన్నో పేర్లు మారాయి, కొన్ని కొత్త ప్రజాతులు ఏర్పడ్డాయి. దానికి ముందు 1879లో హుకర్ భారత ఫ్లోరా రెండో సంపుటంలో సి.బి. క్లార్క్ రాసిన భాగాన్ని, తరువాత ముఖర్జీ–కాన్‌స్టెన్స్ గ్రంథాన్ని, ఆ తరువాత పత్రికల్లో వచ్చిన వ్యాసాలను వరుసగా చదవండి. చుట్టుపక్కల రాష్ట్రాల ఫ్లోరాలతో పాటు శ్రీలంక ఫ్లోరాను కూడా వదలవద్దు. దక్షిణ పశ్చిమ కనుమలకూ శ్రీలంక కొండలకూ మొక్కల్లో బంధుత్వం ఎక్కువ.

చదవడంతో పని సగమే అవుతుంది. ఒక మొక్క కొత్తదా కాదా అన్నది కొండ మీద తేలదు, ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియంలో తేలుతుంది. దక్షిణ భారత మొక్కలకు మీరు మొదట వెళ్లవలసినది కోయంబత్తూరులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో ఉన్న మద్రాస్ హెర్బేరియం. తరువాత హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియం. రాబర్ట్ వైట్ వంటి పాత సేకర్తల నమూనాలు లండన్‌లోని క్యూ వృక్షోద్యానపు హెర్బేరియంలో కూడా ఉన్నాయి, వాటిలో చాలావాటి చిత్రాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మీ మొక్కకు దగ్గరగా అనిపించిన ప్రతి జాతికీ టైప్ నమూనాను, అంటే ఆ పేరు శాశ్వతంగా ఏ ఎండు మొక్కకు ముడిపడి ఉందో ఆ మొక్కను చూడాలి. పుస్తకంలోని వర్ణనతో పోల్చి ఊరుకోవడం చాలదు. పాత వర్ణనలు మూడు నాలుగు వాక్యాలే ఉంటాయి, వాటికి మన మొక్కే కాదు, పది మొక్కలు సరిపోతాయి.

పాత బీరువాల్లో ఏముంటుందో చెప్పే ఉదాహరణ ఒకటి మన దక్షిణాదిలోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో వైట్ హెరాక్లియంలో చేర్చి వర్ణించిన ఒక మొక్కను, వంద ఏళ్లకు పైగా గడిచాక ముఖర్జీ, కాన్‌స్టెన్స్ మళ్లీ పరీక్షించి, అది హెరాక్లియం కాదని తేల్చి, 1974లో వనసుషవ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచారు. సంస్కృత పదాలతో కట్టిన ఆ పేరు నాకు చాలా ఇష్టం. మొక్క అందరికీ తెలిసినదే, పేరూ ఉన్నదే, కాని దాని స్థానం ఎవరికీ తెలియదు. పుష్పించే మొక్కల కొత్త జాతులపై 2010లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సేకరించిన ఐదేళ్లలోపు కొత్త జాతిగా వర్ణనకు నోచుకున్నవి 16 శాతం మాత్రమే; దాదాపు నాలుగో వంతు విషయంలో, వాడిన పాత నమూనాలు యాభై ఏళ్లకు పైబడినవి. కనుక మీ మొక్క నిజంగా కొత్తదే అయినా, దాన్ని మీకన్నా ముందు ఎవరో సేకరించి, తప్పు పేరుతో ఏదో కవరులో పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఆ కవరు మీకు దొరికితే అది నష్టం కాదు. మీ జాతికి మరొక చోటు, మరొక తేదీ తెలుస్తాయి. నేను ఒకసారి ఇదే కుటుంబంలోని పింపినెల్లా ప్రజాతి మొక్క ఒకదాన్ని కొత్త జాతిగా రాసి పత్రికకు పంపడానికి సిద్ధం చేసుకున్నాక, ఒక పెద్ద హెర్బేరియంలో వేరే ప్రజాతి కవర్ల మధ్య అదే మొక్క, నేను పెట్టబోయే పేరుకన్నా డెబ్భై ఏళ్ల ముందు పెట్టిన పేరుతో కనిపించింది. నా వ్యాసం ఆగిపోయింది. ఆ రోజు బాధపడ్డాను కాని, అనవసరమైన పేరు ఒకటి శాస్త్రానికి అంటగట్టకుండా తప్పించుకున్నానని ఇప్పటికీ సంతోషిస్తాను.

ఇక మళ్లీ కొండకు వెళ్లవలసిన పని. కాయ పండే సమయానికి వెళ్లండి, ఈసారి ఒక్క మొక్కను కాదు, ఆ గుంపు మొత్తాన్ని చూడటానికి వెళ్లండి. ఈ కుటుంబంలో మొదలు దగ్గరి ఆకుకూ, కాండం మీది ఆకుకూ పోలికే ఉండదు. నీడలో పెరిగినదానికీ ఎండలో పెరిగినదానికీ, మొదటి ఏడాది మొక్కకూ పూతకు వచ్చిన మొక్కకూ ఆకు తీరు మారిపోతుంది. మీరు చూసిన ఆకు తేడా అలాంటి మార్పు మాత్రమే కావచ్చు. కనీసం ఇరవై మొక్కలను కదల్చకుండా అక్కడికక్కడే కొలవండి: ఎత్తు, మొదలు ఆకు పొడవు, పత్రకాల సంఖ్య, గుచ్ఛంలో కిరణాలు (గొడుగు ఊచల్లాంటి కాడలు) ఎన్ని, అతి పొట్టి కిరణం ఎంత, అతి పొడవైనది ఎంత, పుచ్ఛాలు (గుచ్ఛం అడుగున ఉండే చిన్న ఆకులు) ఉన్నాయా రాలిపోయాయా. పక్కనే తెలిసిన హెరాక్లియం జాతి ఏదైనా ఉంటే దాన్నీ అలాగే కొలవండి. రెండూ ఒకే చోట పెరుగుతూ, మధ్యస్థ రూపాలు లేకుండా విడివిడిగా నిలిస్తే, అది మీ వాదానికి ఎంతో బలం. మధ్యస్థ రూపాలు వరుసగా కనిపిస్తే మీరు చూస్తున్నది ఒకే జాతి లోపలి వైవిధ్యం కావచ్చు, లేదా సంకరం కావచ్చు.

ఎండబెడితే పోయేవాటిని అక్కడే రాసుకోవాలి: పువ్వు రంగు, లేత కాయ రంగు, నలిపిన ఆకు వాసన, కాండం కోస్తే వచ్చే రసం. వేరు ముల్లంగిలా దిగిందా, దుంప కట్టిందా అన్నది ఈ కుటుంబంలో ముఖ్యమే కాని, ఆ ఒక్క గుర్తు కోసం పది మొక్కలున్న చోట మొక్కను పీకవద్దు. ఒక పక్క మట్టి తీసి ఫొటో తీసుకుని మళ్లీ కప్పండి. పండిన కాయలను విడిగా కాగితపు పొట్లంలో, రెండు మూడు పూగుత్తులను 70 శాతం ఆల్కహాల్‌లో, అరచేతిలో సగం ఆకు ముక్కను సిలికా జెల్‌లో ఉంచండి. నేను ప్రతిసారీ చెప్పే ఒక జాగ్రత్త ఇక్కడా చెబుతాను: తెలియని గొడుగు పూల మొక్కను వాసన చూడండి కాని రుచి చూడవద్దు. సోక్రటీసుకు ఇచ్చిన విషం ఈ కుటుంబపు మొక్కదే. హెరాక్లియం రసం చర్మానికి అంటి, ఆపైన ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. ఆ రసంలోని ఫ్యూరనోకౌమరిన్లు వెలుతురుతో కలిసి చేసే పని అది. కాకసస్ కొండల నుంచి ఐరోపా అంతటా పాకిన పెద్ద హెరాక్లియం జాతుల వల్ల అక్కడ ఏటా జనం ఇలా గాయపడుతున్నారు. పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేకుండా కోతకు దిగవద్దు.

డీఎన్ఏ గురించి కూడా అడిగారు. చేయించగలిగితే చేయించండి, రైబోసోమ్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ అనే భాగం ఈ కుటుంబంలో ఎక్కువగా చదివినది, పోల్చడానికి కావలసినంత సమాచారం ఉంది. అయితే దాన్ని కాయకు బదులుగా వాడవద్దు, కాయకు తోడుగా వాడండి. కాయను ఇంతగా నమ్మమన్న నేనే, కాయ ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్పాలి. షోషోనియా వంటి అమెరికా పశ్చిమ ప్రాంతపు మొక్కల మీద జరిగిన డీఎన్ఏ పరిశోధనల్లో, కాయ రెక్కల ఆధారంగా విడదీసిన సైమోప్టెరస్, లోమేషియం వంటి ప్రజాతులు ఒకే వంశపు సంతానం కావని తేలింది. రెక్క గాలికి కాయను మోసుకుపోయే సాధనం కనుక వేర్వేరు శాఖల్లో విడివిడిగా వచ్చి ఉంటుంది, పోయి ఉంటుంది. కాబట్టి జాతిని గుర్తించడానికి కాయ గట్టి సాక్షి. ప్రజాతుల మధ్య బంధుత్వం చెప్పడానికి మాత్రం దానికి డీఎన్ఏ తోడు కావాలి. మీరు కొత్త జాతి వరకే ఆగితే మంచిది. కొత్త ప్రజాతి అనాలనిపిస్తే డీఎన్ఏ లేకుండా ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనది.

ఇవన్నీ చేశాక కూడా మొక్క దేనితోనూ కలవకపోతే, అప్పుడు రాయడానికి కూర్చోండి. కొత్త జాతి వ్యాసానికి గుండెకాయ భేదక వివరణ: ఈ మొక్క తన దగ్గరి బంధువు నుంచి ఎందులో వేరు అన్నది రెండు మూడు వాక్యాల్లో చెప్పడం. ఇక్కడే చాలామంది కాలు జారతారు. "ఆకులు పెద్దవి, కాయలు కొంచెం పొడవైనవి" అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. "కాయ వీపు నాళికలు కాయ పొడవులో మూడు వంతుల వరకు దిగుతాయి, పోల్చిన జాతిలో సగం దగ్గరే ఆగుతాయి" అన్నట్టు, ఒకే గుర్తును రెండు మొక్కల్లోనూ, కొలతతో, ఎదురెదురుగా చెప్పాలి. ఇందులోని కొలతలు వాక్యం తీరు చూపడానికి నేను వేసినవే. మీ కొలతలు మీ మొక్కలు చెప్పాలి. పూర్తి వర్ణన వేరుతో మొదలై, కాండం, ఆకు, గుచ్ఛం, పుచ్ఛాలు, పువ్వు, కాయ వరుసలో సాగి, కాయ అడ్డుకోతతో ముగుస్తుంది. ప్రతి కొలతకూ కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వాలి. ఒక్క మొక్కలో మాత్రమే కనిపించిన విపరీతమైన కొలతను కుండలీకరణాల్లో ఉంచడం ఆనవాయితీ. చూడని భాగాన్ని ఊహించి రాయకూడదు. అడ్డుకోత బొమ్మ లేకుండా ఈ కుటుంబపు కొత్త జాతి వ్యాసం నా దగ్గరికి సమీక్షకు వస్తే, మిగిలినది చదవకముందే బొమ్మ అడుగుతాను.

నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి స్పష్టంగా రాసి ఉన్నవే. మొక్కల పేర్ల లెక్క 1753 మే 1 నుంచి మొదలవుతుంది. 1958 నుంచి టైప్‌ను చూపించడం తప్పనిసరి; 1990 నుంచి అది ఏ హెర్బేరియంలో ఉందో కూడా పేర్కొనాలి. 1935 నుంచి 2011 చివరి దాకా వర్ణన లేదా భేదక వివరణ లాటిన్‌లోనే ఉండవలసి వచ్చేది. షోషోనియాకు కూడా లాటిన్ తప్పలేదు. 2012 జనవరి 1 నుంచి లాటిన్ గాని ఇంగ్లీషు గాని సరిపోతుంది, ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉన్న ఆన్‌లైన్ పత్రికలో పీడీఎఫ్‌గా వచ్చినా చెల్లుతుంది. 1935కు ముందు ఏ భాషలో వర్ణించినా చెల్లేది, అంటే తెలుగులో రాసినా చెల్లేదన్నమాట. ఆ అవకాశాన్ని మనవాళ్లెవరైనా వాడుకుని ఉంటే ఎంత బాగుండేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఈ రోజు తెలుగు వర్ణన ఒక్కటే ఉంటే పేరు చెల్లదు, కాని ఇంగ్లీషు వర్ణనతో పాటు తెలుగులోనూ రాసి మన పాఠకులకు అందించడాన్ని ఏ నియమమూ అడ్డుకోదు. ఫేస్‌బుక్‌లోనో వార్తాపత్రికలోనో ముందుగా పేరు బయటపెట్టవద్దు. అలా బయటపడిన పేరుకు శాస్త్రంలో హోదా ఉండదు, గందరగోళం మాత్రం మిగులుతుంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి గురించి నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ అప్పగించాలి. ఒకే మొక్క నుంచి లేదా ఒకే సేకరణ నుంచి నకలు నమూనాలు ఉంటే రెండు మూడు హెర్బేరియంలకు పంచండి. అగ్నిప్రమాదమో పురుగో ఒక చోటును తుడిచిపెట్టినా ఇంకో చోట మిగులుతుంది.

పేరు విషయంలో తొందర వద్దు. హెరాక్లియం లాటిన్ వ్యాకరణంలో నపుంసక లింగం, పింపినెల్లా స్త్రీలింగం. కాబట్టి ఊరి పేరు మీదుగా పెట్టే విశేషణం మొదటిదానిలో "ఎన్సే"తో, రెండోదానిలో "ఎన్సిస్"తో ముగుస్తుంది. అనుకున్న పేరు అదే ప్రజాతిలో ఇదివరకే వాడి ఉంటే మీ పేరు చెల్లదు కనుక అంతర్జాతీయ మొక్కల పేర్ల సూచికలో వెతికి చూసుకోండి. మీ పేరే పెట్టుకోకూడదని నియమం లేదు కాని, మనలో ఎవరూ అలా చేయరు. ఆ కొండ మీద ఆ మొక్కను తరతరాలుగా ఎరిగినవారు నీలగిరుల్లో ఉన్నారు. వారి భాషలో దానికి పేరు ఉంటే, వారిని అడిగి, వారి సమ్మతితో ఆ పేరును నిలబెట్టడం నాకు తెలిసిన అత్యుత్తమ మార్గం.

వ్యాసంలో ఆ మొక్క పరిస్థితిని కూడా చెప్పాలి. పూతకు వచ్చే వయసున్న మొక్కలు యాభై కన్నా తక్కువ ఉంటే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రమాణాల ప్రకారం ఆ ఒక్క కారణానికే అది అత్యంత ప్రమాద స్థితిలో పడుతుంది. మీరు చూసిన గుంపులో ఎన్ని ఉన్నాయో మీ ప్రశ్నలో రాయలేదు. కొండకు వెళ్లిన రోజు మొట్టమొదట చేయవలసిన పని ఆ లెక్కే. ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను హెర్బేరియం చీటీ మీద రాయండి, కాని అచ్చులో కొండ పేరు వరకే ఇవ్వండి; అరుదైన మొక్కకు దారి చూపిన వ్యాసాల వల్లనే ఆ మొక్కలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

కాయలు గోధుమ రంగుకు తిరిగి, గుత్తిని కదిలిస్తే ఒకటి రెండు రాలే దశలో వెళ్లండి. లెక్క చూసుకున్నాక, గుంపు తట్టుకోగలదనిపిస్తే ఒక గుత్తిని కత్తిరించి తెచ్చి, ఐదారు కాయలను నేను చెప్పిన పద్ధతిలో మరగబెట్టి కోయండి. వీపు వైపు ఒకటి, లోపలి ముఖం వైపు ఒకటి, అడ్డుకోత ఒకటి, మూడు ఫొటోలను పక్కన స్కేలు పెట్టి తీసి పంపండి. తైలనాళికలు ఎక్కడ ఆగాయో చూశాక, ఏ బీరువా ముందు తెరవాలో చెప్పగలను.